కణజాల విద్యుత్ లక్షణాలతో ప్రోస్టేట్ క్యాన్సర్‌ను గుర్తించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మగవారి మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో వచ్చే క్యాన్సర్‌ను కరెంటుతో కనిపెట్టే పద్ధతి వచ్చిందని ఎక్కడైనా వార్త కనబడగానే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటిని ఒకచోట చేర్చి, దశలవారీగా విడదీసి ఇక్కడ జవాబులు రాశాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఈ విద్య ఇంకా పరిశోధన దశలోనే ఉంది. దీన్ని బయాప్సీకి, అంటే గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్షకు, పోటీగా కాక, ముక్క తీసే సూదికి తోడుగా చూస్తేనే దీని విలువ తెలుస్తుందన్నది నా అభిప్రాయం.

## మూల విషయం

కరెంటుతో క్యాన్సర్‌ను ఎలా పట్టుకుంటారు?

మన కణజాలమంతా ఉప్పునీటి వంటి ద్రవంలో మునిగి ఉన్న కణాల గుంపు. ఆ ద్రవం కరెంటును బాగా పోనిస్తుంది. కణాన్ని చుట్టి ఉండే పొర మాత్రం, మందం కొన్ని నానోమీటర్లే అయినా, కరెంటును అడ్డుకుని ఒక చిన్న కెపాసిటర్‌లా చార్జిని నిలవ చేస్తుంది. తక్కువ పౌనఃపున్యంలో (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందన్న లెక్కే పౌనఃపున్యం) పంపిన కరెంటు కణాల లోపలికి వెళ్లలేక వాటి సందుల్లోని ద్రవం గుండా చుట్టూ తిరిగి పోతుంది. పౌనఃపున్యం వందల కిలోహెర్ట్జ్‌లు, మెగాహెర్ట్జ్‌లకు పెరిగేకొద్దీ పొరలు అడ్డు తొలగినట్టుగా ప్రవర్తించి, కరెంటు కణాల గుండానే సాగిపోతుంది. వేర్వేరు పౌనఃపున్యాల వద్ద కణజాలం కరెంటును ఎంత పోనిస్తోంది, ఎంత చార్జిని నిలవ చేస్తోంది అన్నవి కొలిస్తే కణాలు ఎంత దట్టంగా ఉన్నాయో, వాటి మధ్య ద్రవం ఎంత ఉందో అంచనా దొరుకుతుంది. మొదటి గుణాన్ని వాహకత అనీ, రెండవదాన్ని పర్మిటివిటీ అనీ, రెండూ కలిసి కరెంటుకు కలిగించే మొత్తం అడ్డును ఇంపెడెన్స్ అనీ అంటారు. క్యాన్సర్ వచ్చిన చోట కణాల అమరిక మారుతుంది కనుక ఈ అంకెలూ మారతాయి.

పొర, చార్జి, పౌనఃపున్యం అంటే బుర్రకెక్కడం లేదు. చూసి తెలుసుకునేలా చెప్పగలరా?

విద్యార్థులకు నేను బంగాళదుంపతో చూపిస్తాను. పచ్చి దుంపలో ఒక సెంటీమీటరు దూరంలో రెండు స్టీలు సూదులు గుచ్చి, ప్రయోగశాలలో ఉండే ఎల్‌సీఆర్ మీటరుకు కలిపితే 1 కిలోహెర్ట్జ్ వద్ద ఇంపెడెన్స్ ఎక్కువగా చూపుతుంది. మీటరును 1 మెగాహెర్ట్జ్‌కు మార్చగానే అదే దుంప, అవే సూదులు, అంకె మాత్రం అమాంతం పడిపోతుంది. ఇప్పుడు బాగా ఉడికించి చల్లార్చిన దుంప తీసుకోవాలి. ఇందులో తక్కువ పౌనఃపున్యం వద్దే అంకె బాగా తగ్గి ఉంటుంది, పౌనఃపున్యం పెంచినా పెద్దగా మారదు. దుంపలోని నీరూ లవణాలూ ఎక్కడికీ పోలేదు; ఉడకడంలో కణపొరలు మాత్రం చితికిపోయాయి. అంటే మొదట కనబడిన తేడా అంతా పొరల వల్లనే. ప్రోస్టేట్‌లో వెతికేది ఇంతకంటే చాలా సన్నని తేడా, కానీ సూత్రం ఇదే. ఈ ప్రయోగానికి మీటరు ఇచ్చే స్వల్పమైన సంకేతం చాలు. ఇంటి కరెంటుతో దీన్ని ఎవరూ ప్రయత్నించకూడదు.

మా పొలంలో బోరు పాయింటు చూడటానికి కడ్డీలు పాతి కరెంటు పంపారు. ఇదీ అలాంటిదేనా?

పోలిక సరిగ్గా సరిపోతుంది. భూగర్భ జలాల సర్వేలో నాలుగు కడ్డీలు వరసగా పాతి, బయటి రెంటి గుండా కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజీ చూసి, కింద తడి పొర ఉందో గట్టి రాయి ఉందో అంచనా కడతారు. కణజాలంలోనూ నాలుగు ఎలక్ట్రోడ్ల పద్ధతిని ఇదే కారణంతో వాడతారు: కరెంటు పంపే చోట లోహానికీ ద్రవానికీ మధ్య ఏర్పడే అడ్డు కొలతలో కలిసిపోకుండా ఉంటుంది. ఉపరితలం నుంచి కొలిచి లోపలి బొమ్మ గీయవచ్చా అన్న గణిత ప్రశ్నను 1980లో స్పష్టంగా ముందుకు తెచ్చిన ఆల్బెర్టో కాల్డెరాన్ కూడా యువకుడిగా అర్జెంటీనా ప్రభుత్వ చమురు సంస్థలో ఇంజినీరుగా పనిచేసినప్పుడే ఆ ఆలోచన చేశాడు. రైతులకు తెలిసిన చేదు నిజం కూడా రెండు చోట్లా ఒకటే. మీటరు చూపినది అంచనా మాత్రమే, నీరు పడిందో లేదో బోరు దిగితేనే తేలుతుంది.

క్యాన్సర్ వచ్చిన ప్రోస్టేట్‌లో విద్యుత్ పరంగా ఏం మారుతుంది?

ఆరోగ్యవంతమైన ప్రోస్టేట్, ముఖ్యంగా క్యాన్సర్లలో ఎక్కువ భాగం పుట్టే దాని వెలుపలి మండలం, చిన్న చిన్న గదులతో నిండి ఉంటుంది. ఆ గదుల్లో సిట్రేట్, సోడియం, పొటాషియం వంటి అయాన్లతో కూడిన స్రావం నిలవ ఉంటుంది కాబట్టి అక్కడ కరెంటు సులువుగా పోతుంది. క్యాన్సర్ కణాలు పెరుగుతూ ఆ గదులను పూడ్చేస్తాయి. స్రావం తగ్గుతుంది, సిట్రేట్ పడిపోతుంది, ఒకప్పుడు ద్రవం ఉన్న చోట కణాలు కిక్కిరిసి చేరతాయి. ద్రవం తగ్గినందువల్ల వాహకత తగ్గుతుంది, పొరల విస్తీర్ణం పెరిగినందువల్ల చార్జిని నిలవ చేసే గుణం పెరుగుతుంది. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని డార్ట్‌మత్‌లో రయన్ హాల్టర్ బృందం, ఆపరేషన్‌లో తొలగించిన గ్రంథులపై కొలిచినప్పుడు దాదాపు ఇదే ధోరణి కనబడింది. గ్రంథి గదులున్న సాధారణ భాగాలతో పోలిస్తే క్యాన్సర్ భాగాల వాహకత తక్కువగానూ, 100 కిలోహెర్ట్జ్ వద్ద పర్మిటివిటీ ఎక్కువగానూ ఉంది.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమా?

కాదు. హ్యూగో ఫ్రికే 1925లో ఎర్ర రక్తకణాల పొర కెపాసిటెన్సును కొలిచి, ఆ మరుసటి ఏడాదే స్టెర్న్ మోర్స్‌తో కలిసి రొమ్ము గడ్డల కెపాసిటీపై పరిశోధన పత్రం ప్రచురించాడు. ప్రోస్టేట్ దగ్గరికి రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. 1999లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు తొలగించిన గ్రంథుల్లోకి సూది ఎలక్ట్రోడ్లు దించి, క్యాన్సర్ ఉన్న చోట ఇంపెడెన్స్ ఎక్కువగా ఉందని చూపారు. ఆ తరువాతి దశాబ్దంలో డార్ట్‌మత్ బృందం పౌనఃపున్యాల వరుస మొత్తాన్ని కొలుస్తూ, సూదినీ ప్రోబ్‌నూ తయారుచేసే దాకా తీసుకువెళ్లింది.

## పీఎస్ఏ రిపోర్టు చేతికి వచ్చాక

మా నాన్నగారికి పీఎస్ఏ 6.2 వచ్చింది. బయాప్సీ వద్దనుకుని ఈ పరీక్ష చేయించవచ్చా?

చేయించలేరు, వైద్య మార్గదర్శకాల్లో బయాప్సీకి బదులుగా దీనికి చోటు లేదు. పీఎస్ఏ అంటే ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీన్ రక్తంలో ఎంత ఉందన్న లెక్క; మిల్లీలీటరుకు 4 నానోగ్రాములన్న పాత గీటు దాటినంత మాత్రాన అది క్యాన్సరూ కాదు. వయసుతో వచ్చే ప్రోస్టేట్ వాపు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఈమధ్య మూత్రనాళంలో ట్యూబు వేసి ఉండటం, ఇవన్నీ పీఎస్ఏను పెంచుతాయి. యూరాలజిస్టు సాధారణంగా ముందు ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూసి, పీఎస్ఏ మళ్లీ చేయించి, వేలితో పరీక్షించి, అవసరమైతే ఎంఆర్ఐ తీయించి, ఆ తరువాతే ముక్క పరీక్షకు వెళ్లాలో వద్దో చెబుతారు. బయాప్సీ అంటే భయం సహజమే. మీ నాన్నగారికి భయం ఇన్‌ఫెక్షన్ గురించైతే, పురీషనాళం గుండా కాక మలద్వారానికీ వృషణాలకూ మధ్యనున్న చర్మం గుండా ముక్క తీసే పద్ధతి ఉందా అని డాక్టరును అడగండి. ఆ దారిలో ఇన్‌ఫెక్షన్ తక్కువ.

ఎంఆర్ఐ అంత బాగా చూపిస్తుండగా ఈ కరెంటు కొలతలు ఎందుకు?

ఎంఆర్ఐ రాకతో ప్రోస్టేట్ వైద్యం మారిపోయిన మాట నిజం. బ్రిటన్‌లో 576 మందిపై జరిగి 2017లో వెలువడిన ప్రామిస్ అధ్యయనంలో, చికిత్స అవసరమయ్యే స్థాయి క్యాన్సర్లను ఎంఆర్ఐ 93 శాతం పట్టుకోగా, అల్ట్రాసౌండ్ సాయంతో గుడ్డిగా తీసే బయాప్సీ 48 శాతమే పట్టుకుంది. ఈ పనిలో ఎంఆర్ఐకి సాటి రాగల విద్యుత్ పరికరం ఇప్పటివరకూ లేదు. కానీ ఎంఆర్ఐ అనుమానం ఉన్న చోటును బొమ్మలో చూపుతుంది, సూది వెళ్లేది కదిలే మెత్తని గ్రంథిలోకి. సూది మొన నిజంగా ఆ చోటే తాకిందా అని ఆ క్షణంలో చెప్పేది ఏదైనా ఉంటే, అది మొనలోనే ఉండాలి. విద్యుత్ కొలతకు అసలైన చోటు అక్కడే అని నేను నమ్ముతున్నాను.

వైద్య శిబిరంలో చేతికి ఒక కడ్డీ ఇచ్చి, నిమిషంలో ప్రోస్టేట్ బాగాలేదని రిపోర్టు ఇచ్చారు. నమ్మవచ్చా?

నమ్మవద్దు. అరచేతిలో పట్టుకున్న ఎలక్ట్రోడు గుండా పోయే కరెంటును ఎక్కువగా శాసించేది చర్మపు తడి, పట్టు బిగువు, చెయ్యి ఆకారం. కటి లోపల, మూత్రాశయం కింద, పెద్ద ఉసిరికాయంత పరిమాణంలో ఉన్న గ్రంథి గురించి అక్కడి నుంచి విడిగా కొలిచే మార్గమే లేదు. ఇలాంటి యంత్రాలు కాలేయం, మూత్రపిండాలు, ప్రోస్టేట్, ఎముకల బలం అన్నీ ఒకే కాగితంపై అచ్చు వేసి ఇవ్వడమే వాటిని అనుమానించడానికి చాలిన కారణం. ఒకసారి అరచెయ్యి తడిపీ, ఒకసారి తుడుచుకునీ వరసగా రెండు రిపోర్టులు తీయించుకున్న ఒక పెద్దాయన వాటిని నాకు తెచ్చి చూపారు. పది నిమిషాల తేడాలో ఆయన ప్రోస్టేట్ జబ్బుపడి, మళ్లీ కోలుకుంది. బరువు యంత్రాల్లో కొవ్వు శాతం చెప్పేవి కూడా ఇంపెడెన్స్‌నే కొలుస్తాయి. అవి శరీరం మొత్తంలో నీటి పాళ్లను అంచనా కడతాయి తప్ప ఏ గ్రంథి గురించీ ఏమీ చెప్పవు.

బట్టలు విప్పకుండానే ప్రోస్టేట్ క్యాన్సర్ చెప్పే పరికరం ఇటలీలో ఉందని విన్నాను. నిజమేనా?

ట్రింప్రోబ్ అనే పరికరం గురించి అయి ఉండవచ్చు. కడ్డీ ఆకారంలోని ప్రోబ్‌ను బట్టల మీదుగా పెట్టి 465 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో సంకేతం ఎంత క్షీణించిందో చూసే ఆ పద్ధతిపై 2005 ప్రాంతంలో ఇటలీ నుంచి చాలా ఆశ కలిగించే ఫలితాలు వచ్చాయి. తరువాత వేర్వేరు చోట్ల చేసిన పరీక్షల్లో ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు, ప్రామాణిక వైద్యంలో అది నిలవలేదు.

## కొలిచే దశలో

సూది మొనతో విద్యుత్ లక్షణాలు ఎలా కొలుస్తారు?

బయాప్సీ సూదిలో రెండు భాగాలుంటాయి. లోపలి కడ్డీకి మొన దగ్గర ఒక గాడి ఉంటుంది. సూదిని నడిపే గన్ మీట నొక్కగానే ముందు కడ్డీ దూసుకువెళ్లి, గాడిలోకి కణజాలం ఒదిగాక, వెనుకనే బయటి గొట్టం జారి ముక్కను కోసి మూసేస్తుంది. డార్ట్‌మత్ వారు చేసిన మార్పు చూడటానికి చిన్నది. లోపలి కడ్డీకీ బయటి గొట్టానికీ మధ్య విద్యుత్ తాకిడి లేకుండా పూత వేసి, ఆ రెంటినీ ఎలక్ట్రోడ్లుగా మార్చారు. దాంతో ముక్క ఏ చోటి నుంచి తీస్తున్నారో దాదాపు అదే చోట కొలత కూడా దొరుకుతుంది, ఆ ముక్క పాథాలజీ రిపోర్టుతో కొలతను ముఖాముఖి సరిచూసుకోవచ్చు. దీని అవసరం తెలియాలంటే ఒక చిన్న లెక్క చాలు. ఒక్కో ముక్క సుమారు ఒక మిల్లీమీటరు మందం, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. వాపుతో 40 మిల్లీలీటర్లకు పెరిగిన గ్రంథి నుంచి అలాంటివి పన్నెండు తీసినా మొత్తం గ్రంథిలో అర శాతం కూడా కాదు. సూది మొన తన చుట్టూ ఉన్న కణజాలాన్ని కూడా కొంత మేర గ్రహించగలిగితే, ముక్కలోకి రాని పక్క ప్రాంతం గురించీ సూచన దొరుకుతుంది.

సూది లేకుండా, స్కానింగు లాగా విద్యుత్ బొమ్మ తీయలేరా?

తీయడానికి ప్రయత్నించారు, బొమ్మలు వచ్చాయి కూడా, కానీ మసకగా. పురీషనాళంలోకి పంపే అల్ట్రాసౌండ్ ప్రోబ్ మీదనే ఎలక్ట్రోడ్ల వరుస అతికించి, అల్ట్రాసౌండ్‌తో గ్రంథి ఆకారాన్నీ, కరెంటుతో లోపలి వాహకతనూ ఒకేసారి చూసే పద్ధతిని డార్ట్‌మత్‌లో రోగులపై పరీక్షించారు. చిక్కంతా కరెంటు స్వభావంలో ఉంది. ఎక్స్‌రే గీత గీసినట్టు తిన్నగా పోతుంది. కరెంటు సులువైన దారి చూసుకుని నలుదిక్కులా పరుచుకుంటుంది. ఎలక్ట్రోడ్లు గ్రంథికి ఒక పక్కనే ఉన్నందున దూరం పెరిగేకొద్దీ సంకేతం వేగంగా బలహీనపడుతుంది, కొలతలో వచ్చే అతి చిన్న దోషం బొమ్మలో పెద్ద మచ్చగా తేలుతుంది. వెలుపలి మండలం పురీషనాళానికి ఆనుకుని ఉండటం ఇక్కడ కలిసివచ్చే విషయం. గ్రంథి ముందు భాగంలో దాగిన గడ్డ విషయంలో మాత్రం ఈ పద్ధతిపై ఆశ పెట్టుకోలేము.

కొలిచేటప్పుడు షాక్ కొడుతుందా?

కొట్టదు. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ వద్ద ఉంటుంది, నరాలూ కండరాలూ సులువుగా స్పందించేది ఆ ప్రాంతపు పౌనఃపున్యాలకే. వైద్య విద్యుత్ పరికరాల భద్రతా ప్రమాణం తక్కువ పౌనఃపున్యంలో కొలత కరెంటును 100 మైక్రోఆంపియర్లకు పరిమితం చేసి, పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఆ హద్దును సడలిస్తుంది. ఆ హద్దులోపల పనిచేసే పరికరం పంపే కరెంటు రోగికి తెలియను కూడా తెలియదు. నొప్పి ఉంటే అది సూదిది.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి చేయవచ్చా?

శరీరంలోకి కరెంటు పంపే కొలతల అధ్యయనాల్లో పేస్‌మేకర్, డీఫిబ్రిలేటర్ ఉన్నవారిని సాధారణంగా మినహాయిస్తారు. పరికరం ఉన్న సంగతి ముందే చెప్పాలి.

## ఫలితం అర్థం చేసుకునేటప్పుడు

ప్రోస్టేట్ వాపును క్యాన్సర్ అని పొరబడే ప్రమాదం ఉందా?

ఉంది, ఈ రంగానికి అసలు అడ్డంకి అదే. వయసు మీదపడిన మగవారిలో గ్రంథి పెరగడం మామూలు, కానీ ఆ పెరుగుదల అందరిలో ఒకే తీరుగా ఉండదు. గదులు పెరిగి స్రావం నిండిన వాపు అయితే వాహకత ఎక్కువగా ఉండి క్యాన్సర్ నుంచి తేలిగ్గా విడిపోతుంది. కండర పోగులూ పీచు కణజాలమూ పెరిగిన వాపులో ద్రవం తక్కువ, కరెంటుకు అడ్డు ఎక్కువ, కాబట్టి వాహకత ఒక్కటే చూస్తే అది క్యాన్సర్ లాగే కనబడుతుంది. ఈ రెంటినీ విడదీయడానికి పర్మిటివిటీని కూడా చూడటం, ఒక్క పౌనఃపున్యానికి బదులు వరుస మొత్తాన్ని కలిపి విశ్లేషించడం మొదలైంది. దానివల్ల ఫలితం మెరుగుపడింది కానీ రెండు గుంపుల అంకెలు ఒకదానిపై ఒకటి పడటం పూర్తిగా పోలేదు. పైగా నిజమైన గ్రంథిలో క్యాన్సర్ ఒక ముద్దలా విడిగా ఉండదు, అన్నంలో కలిసిన పప్పులా సాధారణ గదుల మధ్య పాకి ఉంటుంది. సూది కొలిచేది ఆ కలగలుపు సగటునే.

గ్లీసన్ స్కోరు కూడా దీనితో తెలుస్తుందా?

గ్లీసన్ స్కోరు అంటే సూక్ష్మదర్శిని కింద గదుల ఆకృతి ఎంత చెదిరిందో చూసి పాథాలజిస్టు ఇచ్చే లెక్క. గదులు చెదిరేకొద్దీ విద్యుత్ లక్షణాలూ మారాలి కాబట్టి తర్కం ప్రకారం సంబంధం ఉండాలి, దాన్ని వెతికే పరిశోధనలూ జరిగాయి. అయినా చికిత్స నిర్ణయించేటంత నమ్మకంగా ఏ విద్యుత్ కొలతా ఆ స్కోరు ఇవ్వదు. వెంటనే చికిత్స అవసరం లేని నెమ్మది క్యాన్సర్‌నూ, ఆలస్యం చేయకూడని ఉద్ధృత క్యాన్సర్‌నూ వేరుచేసేది ఆ స్కోరే. అందుకే ముక్క పరీక్షను తప్పించలేము.

ఆపరేషన్ చేసి తీసేసిన గ్రంథిలో కొలిచిన అంకెలు మనిషి లోపల ఉన్న గ్రంథికి వర్తిస్తాయా?

నేరుగా వర్తించవు. రక్త ప్రసరణ ఆగిన నిమిషం నుంచి కణజాలం మారడం మొదలవుతుంది. కణాలు ఉబ్బి వాటి మధ్య సందులు ఇరుకవుతాయి, కాబట్టి తక్కువ పౌనఃపున్యంలో వాహకత పడిపోతుంది. ఉష్ణోగ్రత కూడా తక్కువ చిక్కు పెట్టదు. అయాన్లున్న ద్రవాల వాహకత ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 2 శాతం మారుతుంది కనుక, 37 డిగ్రీల శరీరం నుంచి ఏసీ గదిలోని బల్ల మీదికి చేరేసరికే అంకెలో గణనీయమైన తేడా వస్తుంది. అయితే ఒకే గ్రంథిలో క్యాన్సర్ భాగానికీ సాధారణ భాగానికీ మధ్య పోలిక చాలావరకు నిలుస్తుంది. ఈ రంగంలో ఏ పత్రం చదివినా అంకెల కంటే ముందు చూడవలసింది, గ్రంథి తీసిన ఎంతసేపటికి కొలిచారన్న వాక్యం.

వేరే క్యాన్సర్లలో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చిందా?

చేతికి అందే చోట్ల కొంత వచ్చింది. చర్మం మీది మచ్చ మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) అవునా కాదా అని నిర్ణయించడంలో సాయపడే స్వీడన్ పరికరం నెవిసెన్స్‌కు అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏ 2017లో అనుమతి ఇచ్చింది. గర్భాశయ ముఖద్వారంలో ముందస్తు మార్పులు కనిపెట్టే పరికరం బ్రిటన్‌లో షెఫీల్డ్ పరిశోధనల నుంచి వచ్చింది. ఆ రెండు చోట్లా అనుమానం ఉన్న ఉపరితలాన్ని డాక్టరు కళ్లతో చూస్తూ ప్రోబ్‌ను సరిగ్గా దాని మీద ఆనించగలరు. లోపల దాగి ఉన్న ప్రోస్టేట్‌కు ఆ వీలు లేదు.

## ఆపరేషన్, చికిత్స

గ్రంథి తీసేసే ఆపరేషన్‌లో దీని ఉపయోగం ఏమైనా ఉందా?

నా దృష్టిలో, సూది తరువాత ఎక్కువ ఆశ పెట్టుకోదగిన చోటు ఇదే. గ్రంథికి రెండు పక్కలా అంటిపెట్టుకుని అంగస్తంభనకు కావలసిన నరాలు పోతాయి. సర్జను వాటిని మిగల్చాలనుకుంటే గ్రంథికి బాగా దగ్గరగా కోయాలి, మరీ దగ్గరగా కోస్తే అంచున క్యాన్సర్ మిగిలిపోవచ్చు. అంచు శుభ్రంగా ఉందా లేదా అన్న పాథాలజీ జవాబు మామూలుగా రోజుల తరువాత వస్తుంది. కోత అంచును చిన్న ఎలక్ట్రోడ్ల ప్రోబ్‌తో తాకి, అక్కడికక్కడే అనుమానాస్పద చోట్లు చెప్పగలిగితే, ఆ ఒక్కచోట ఇంకొంచెం తీయవచ్చు. ఇక్కడ కొలవవలసింది ఉపరితలమే కాబట్టి, లోతు వల్ల వచ్చే చిక్కు కూడా ఉండదు.

కరెంటుతో ప్రోస్టేట్ క్యాన్సర్‌ను చంపే చికిత్స ఉందంటున్నారు. అదీ ఇదీ ఒకటేనా?

కాదు. ఇర్రివర్సిబుల్ ఎలక్ట్రోపొరేషన్ అనే ఆ చికిత్సలో సూదుల మధ్య వేల వోల్టుల పల్సులను మైక్రోసెకన్ల పాటు పంపి కణపొరలకు మానని రంధ్రాలు చేస్తారు. రోగికి మత్తు ఇచ్చి, కండరాలు బిగుసుకోకుండా మందు ఇచ్చి మాత్రమే చేస్తారు. కొలతలో వాడే కరెంటు కణపొరను పలకరించి వదిలేస్తుంది, దానికి ఏ హానీ చేయదు.

హైదరాబాద్‌లో గానీ విశాఖలో గానీ ఈ పరీక్ష ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది?

డబ్బు కట్టి చేయించుకునే మామూలు పరీక్షల జాబితాలో ఇది లేదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు విద్యుత్ పరీక్ష అని చెప్పి ఎవరైనా ధర చెబితే, వారు అమ్ముతున్నది ఇక్కడ వివరించిన విద్య కాదనే అనుకోవాలి. అదే డబ్బును మంచి ఎంఆర్ఐకి, ప్రోస్టేట్ ఎంఆర్ఐలు రోజూ చదివే రేడియాలజిస్టు రిపోర్టుకు ఖర్చు చేయడం మేలు.

ఇలాంటి పరికరంపై అధ్యయనంలో చేరమని ఆసుపత్రి వారు అడిగితే ఏం చూసుకోవాలి?

భారతదేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడిపే సీటీఆర్ఐ జాబితాలో నమోదు కావాలి. ఆ నమోదు సంఖ్యనూ, ఎథిక్స్ కమిటీ అనుమతినీ చూపమని అడగడానికి మొహమాటపడవద్దు. సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వమని అడగండి, ఇంటికి తీసుకువెళ్లి చదువుకోండి. తరువాత మూడు విషయాలు తేల్చుకోండి: ఎలాగూ తీయవలసిన ముక్కలతోపాటే కొలుస్తారా, లేక కొలత కోసమే అదనంగా సూది గుచ్చుతారా, కొలత ఏం చెప్పినా మీ చికిత్స పాథాలజీ రిపోర్టు ప్రకారమే సాగుతుందా, మధ్యలో మానుకుంటే మీ మామూలు వైద్యంలో ఏమైనా తేడా వస్తుందా. అదనపు సూది ఉంటే ఎన్ని, ఏ దారిలో అన్నది కాగితం మీద రాసి ఉండాలి. రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతున్న సంగతి సంతకం పెట్టే ముందే చెప్పండి.